ఈ పూట పిడికెడు



ఇది పొయ్యి మీద ఎసరు పెట్టే వేళ. కొందరు బియ్యం చెరుగుతూ వింటుంటారు. చెరుగుతూనే వినండి. నేను చెప్పబోయేది కూడా బియ్యం సంగతే.

మాది మెదక్. మా ఊరి పేరు మెతుకు అన్న మాటలోంచి వచ్చిందని పెద్దలు చెప్తారు. మెతుకుసీమ అని ఇప్పటికీ అంటాం. మా ఖిల్లాకు మెతుకు దుర్గం అని పేరు. అన్నం మెతుకునే పేరుగా పెట్టుకున్న ఊరు మాది. అలాంటి ఊరు కూడా కరువు చూసింది. ఆ కరువు కథ చెప్తాను. ముందు మా అమ్మ సంగతి.

మా అమ్మ అన్నం వండే ముందు ఒక పని చేసేది. సోలతో బియ్యం కొలిచి చాటలో పోసేది. పోయగానే అందులోంచి ఒక పిడికెడు తీసేది. వంటింటి గోడకు ఒక గుడ్డసంచి వేలాడుతుండేది. ఆ పిడికెడూ అందులో వేసేది. ఆ సంచి చర్చిది. నెలకోసారి స్త్రీల మైత్రి వాళ్లు ఇంటింటి సంచులూ జమ చేసేవాళ్లు. ఆ బియ్యం లేనివాళ్లకు పోయేది. మా సంఘాల్లో పిడికెడు బియ్యం చాలా పాత అలవాటు.

కుండ నిండా బియ్యం ఉన్నా పిడికెడే. కుండ అడుగు గీకుతున్నా పిడికెడే. అమ్మ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు.

ఒకసారి నేను అడిగాను. అప్పుడు నాకు పదేళ్లుంటాయి. "అమ్మా, మనకే లేవు గదా, ఇయ్యాల ఆపరాదే?" అన్నాను. అమ్మ బియ్యం కడుగుతూనే చెప్పింది. "ఈ పూటకు ఉన్నయ్ గద బిడ్డా. ఈ పూటది చూడు. వచ్చే పూటది దేవుడు చూస్తడు."

నాకు అప్పుడు కోపం వచ్చింది. వచ్చే పూట బియ్యం ఆకాశం నుంచి పడతాయా అనుకున్నాను. అమ్మ మాట అర్థం కావడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

నేను బడిలో పంతులమ్మగా పనిచేశాను. పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. లెక్క అంటే నాకు ధైర్యం. కానీ నాకు యాభై దాటాక ఒక ఏడాది వచ్చింది. ఆ ఏడాది ఏ లెక్కా తేలలేదు. మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆస్పత్రి ఖర్చుకు చీటీ డబ్బులు ఉన్నాయి కదా అనుకున్నాం. ఆ చీటీ నడిపే మనిషి ఒకరోజు చెప్పాపెట్టకుండా ఊరు విడిచిపోయాడు. పెద్దబ్బాయికి ఉద్యోగం పోయింది. మూడు నెలల్లో మూడు దెబ్బలు.

రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అందరూ పడుకున్నాక లేచి కూర్చునేదాన్ని. పాత క్యాలెండరు కాగితం చింపి, దాని వెనక లెక్కలు వేసేదాన్ని. ఎవరికి ఎంత బాకీ. నెలకు మందులకు ఎంత. వడ్డీ ఎంత. ఇట్లాగే పోతే వచ్చే ఏడాదికి ఎంత. ఆ పై ఏడాదికి ఎంత. కాగితం నిండేది. ఇంకో కాగితం చింపేదాన్ని. తెల్లవారేసరికి నేను ఆ ఒక్కరోజు కష్టం మోయడం లేదు. పదేళ్ల కష్టం ఒక్క రాత్రిలో మోసి లేచేదాన్ని. అంత మోసిన మనిషికి పొద్దున్నే చాయ్ పెట్టే ఓపిక కూడా ఉండదు.

ప్రార్థన చేయలేదా అంటారేమో. చేశాను. ఎంతో చేశాను. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, ఆ క్యాలెండరు కాగితాన్నే దేవుడికి చదివి వినిపించేదాన్ని. చదివి, ఆమెన్ అని, ఆ కాగితాన్ని మళ్లీ నా దిండు కిందే పెట్టుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున బియ్యం కొలిచాను. అలవాటుగా చెయ్యి పిడికెడు తీసింది. సంచి వైపు తిరిగాను. అక్కడే నిలబడిపోయాను. అమ్మ మాట చెవిలో పడినట్టయింది. ఈ పూటది చూడు.

ప్రభువు నేర్పిన ప్రార్థన నేను మాటలు వచ్చిన నాటి నుంచీ చెప్తున్నాను. రోజూ చెప్తాను. ఆ ప్రార్థనలో మనం తిండి అడుగుతాం. ఎన్నాళ్లకు అడుగుతాం? నెలకు అడగం. ఏడాదికి అడగం. ఈ రోజుకు అడుగుతాం. అంతే. కొండమీద ప్రసంగం చేసినప్పుడు కూడా యేసు ప్రభువు అదే చెప్పాడు. ఏ రోజు కష్టం ఆ రోజుకు ఉంది, రేపటి దానికి ఇప్పుడే దిగులు పడవద్దన్నాడు. వేలసార్లు చదివాను ఆ మాట. ఆ పొద్దున నా పిడికిట్లో బియ్యం ఉన్నప్పుడు మొదటిసారి అది నాకు చెప్పినట్టు వినబడింది.

ఆ రోజు నేను కాగితం తీయలేదు. ఒక్క ప్రశ్న వేసుకున్నాను. ఈ రోజుకు నా పిడికిట్లో పట్టేది ఏది?

మా ఆయన కాలు నడకకు రావాలి. అది పిడికిట్లో పట్టదు. ఎడమ చేతి వేళ్లు పదిసార్లు ముడిచి తెరిపించాలని డాక్టరు చెప్పాడు. అది పడుతుంది. బాకీలన్నీ తీరాలి. అది పట్టదు. కిరాణా కొట్టాయన దగ్గరికి వెళ్లి, ఈ నెల సగమే ఇవ్వగలనని నిజం చెప్పాలి. అది పడుతుంది. ఆ కొట్టు ముందు నుంచి పోవడానికి సిగ్గుపడి నేను పదిహేను రోజులుగా చుట్టూ తిరిగి వస్తున్నాను. ఆ రోజు నేరుగా వెళ్లాను. చెప్పాను. ఆయన ఖాతా పుస్తకం తెరిచి, పెన్సిల్‌తో ఒక గీత గీసి, "సరే అమ్మా" అన్నాడు. అంతే. పదిహేను రోజుల భయానికి రెండు నిమిషాలు పట్టింది.

శ్రోతలారా, ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. కష్టం కుప్పగా వస్తుంది. కుప్పను ఎవరూ ఎత్తలేరు. పొద్దున లేచాక ఆ కుప్పను పేరుపెట్టి దేవుడికి చెప్పండి. చెప్పాక అందులోంచి ఒక్క పిడికెడు తీసుకోండి. ఈ రోజు చేయగలిగిన పని ఒకటి. అది చేయండి. మిగిలిన కుప్ప దేవుడి దగ్గరే ఉండనివ్వండి. మళ్లీ చెప్తున్నాను. పేరుపెట్టి చెప్పండి, పిడికెడు తీసుకోండి, మిగిలింది ఆయన దగ్గర వదలండి.

వదలడమే కష్టం. నాకు తెలుసు.

ఇప్పుడు ఆ కరువు కథ. మెదక్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మా పెద్ద చర్చి. మీలో చాలామంది చూసే ఉంటారు. క్రైస్తవులే కాదు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఏడుపాయల దుర్గమ్మకు మొక్కు తీర్చుకుని, అటునుంచి అటే మా చర్చికి వచ్చి కొవ్వొత్తి వెలిగించి పోయేవాళ్లను ఎంతమందినో చూశాను. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. 5000 మంది కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చు.

కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లండు మిషనరీ. పాస్నెట్ దొర అని మా పెద్దవాళ్లు అనేవారు. 1914లో పని మొదలైంది. అదే ఏడు మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ధరలు మండిపోయాయి. 1918లో దక్కను అంతటా వానలు ముఖం చాటేశాయి. అదే సమయంలో ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చి ఇళ్లకు ఇళ్లను ఊడ్చుకుపోయింది. చెరువులో నీళ్లు లేవు. గుమ్మిలో గింజ లేదు. మెతుకు పేరు పెట్టుకున్న ఊళ్లో మెతుకు లేదు.

అప్పుడు పాస్నెట్ గారు ఆకలితో ఉన్నవాళ్లకు చర్చి కట్టే పని ఇచ్చారు. పని చేసినవాళ్లకు తిండి. ఊరికే పెట్టడం కంటే ఇదే మేలని ఆయన అనుకున్నారు. నాకు కూడా ఇది సరైన ఆలోచన అనే అనిపిస్తుంది. ఆకలిగొన్న మనిషికి తిండి ఎంత అవసరమో, తన చేతులు ఇంకా పనికొస్తాయన్న నమ్మకం అంతే అవసరం.

1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది. పదేళ్ల పని. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి. ఆ రోజు ఎంత జనం వచ్చారో మెదక్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

కానీ నేను గోపురం కింద నిలబడితే నాకు దొరగారు గుర్తుకు రారు. ఆ రాయి మోసిన మనిషి గుర్తొస్తాడు. అతని పేరు ఏ పలక మీదా లేదు. నేను ఊహించుకుంటాను. కరువు ఎప్పుడు పోతుందో అతనికి తెలియదు. గోపురం ఎంత ఎత్తు లేస్తుందో తెలియదు. లేచేదాకా తను బతికి ఉంటాడో లేదో తెలియదు. అతనికి తెలిసింది ఒకటే. ఈ రోజు ఈ రాయి ఇక్కణ్నుంచి అక్కడికి చేరాలి. సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగాలి. మీరు ఈసారి వచ్చినప్పుడు ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఎండాకాలంలో కూడా లోపలి రాయి చల్లగా ఉంటుంది. ఒక్కో రాయీ ఎవరిదో ఒకరి ఒకరోజు కూలి. ఒకరి పిల్లల ఒక పూట అన్నం.

లోపలికి వెళ్తే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు కనబడతాయి. బలిపీఠం వెనక ప్రభువు పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం. ఒక పక్క ఆయన పుట్టుక. ఇంకో పక్క సిలువ. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడి పనితనం అది. ఆ మూడూ ఒక్కసారి వచ్చాయని చాలామంది అనుకుంటారు. రాలేదు. మొదటిది 1927లో వచ్చింది. రెండోది 1947లో. అంటే ఇరవై ఏళ్లు ఆగాలి. మూడోది 1958లో. గుడి తలుపులు తెరిచిన 34 ఏళ్లకు. అప్పటికి పాస్నెట్ గారు ఈ లోకంలోనే లేరు. ఆ మధ్య ఆదివారాలన్నీ అక్కడ ఆరాధన జరుగుతూనే ఉంది. కిటికీ పూర్తి కాలేదని ఎవరూ ప్రార్థన ఆపలేదు.

ఆ కిటికీలది ఇంకో సంగతి. బయట నిలబడి చూస్తే బొమ్మ కనబడదు. లోపలికి రావాలి. బయట ఎండ ఉండాలి. పొద్దు గుంకితే లోపల కూడా ఏమీ కనబడదు. సాయంత్రం ఆలస్యంగా వచ్చినవాళ్లు చూసి, "ఇదేనా?" అంటారు. రేపు పొద్దున రండి అని చెప్తాం.

కరువు అంటే బైబిలులో నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. ఏలీయా ప్రవక్త కాలంలో వానలు పడలేదు. సారెపతు అనే ఊళ్లో ఒక విధవరాలు. ఆమెకు ఒక కొడుకు. తొట్టిలో పట్టెడు పిండి మిగిలింది. కుండలో కాస్త నూనె. ఆఖరి రొట్టె కాల్చుకుని తిని చనిపోదామని పుల్లలు ఏరుకుంటోంది. అప్పుడు ఆ పరాయి మనిషి, ఏలీయా, వచ్చి తిండి అడిగాడు. ఆమె పెట్టింది. ఆ తర్వాత ఏం జరిగింది? మళ్లీ వాన పడేదాకా ఆ తొట్టిలో పిండి అయిపోలేదు.

ఇక్కడ కాస్త ఆగి వినండి. తొట్టి నిండిపోయిందని కథలో లేదు. బస్తాలు వచ్చి పడ్డాయని లేదు. అయిపోలేదు అని ఉంది. రోజూ పొద్దున ఆమె తొట్టిలో చెయ్యి పెట్టాలి. రోజూ అడుగు తగలాలి. రోజూ పట్టెడు దొరకాలి. ఆమె విశ్వాసం ఒక్కరోజుది కాదు. రోజుకొకసారి చేసే విశ్వాసం. దేవుడు నా కష్టం ఒక్కసారిగా ఎందుకు తీర్చడు అని నేను చాలా ఏడ్చాను. ఈ కథ చదివాక ఒకటి అర్థమైంది. ఆయన నన్ను కూడా పట్టెడు పట్టెడుగానే నడిపించాడు. నేను బస్తా కోసం గుమ్మం వైపు చూస్తూ తొట్టి వైపు చూడలేదు.

అయితే రేపటి గురించి ఆలోచించవద్దా? ఈ మాట మీద పొరపాటు పడకండి. ముందుచూపు వేరు, దిగులు వేరు. యోసేపు ఐగుప్తులో ఏడేళ్లు ధాన్యం నిలవచేశాడు. అది ముందుచూపు. బైబిలు దాన్ని మెచ్చుకుంది. పిల్ల చదువుకు పోస్టాఫీసులో నెలకు కొంత వేయడం ముందుచూపు. అది ఈ రోజు పనే. వేసి వచ్చాక రాత్రంతా మేలుకుని, పిల్ల పెళ్లికి చాలకపోతే ఎట్లా అని దొర్లడం దిగులు. మొదటిది చేతిలో పని. రెండోది ఉత్త చేతులు పిసుక్కోవడం. తేడా ఇంతే. చేసేది ఉంటే ముందుచూపు. చేసేది లేకపోతే దిగులు.

మా గల్లీలో ఒక చెల్లె ఉంది. బీడీలు చేస్తుంది. పేరు చెప్పను. భర్త గల్ఫ్ దేశానికి పోయాడు. మొదట డబ్బు పంపాడు. తర్వాత ఫోను కూడా లేదు. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె చాటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. రాత్రే తునికాకు నానబెట్టుకుంటుంది. పొద్దున కత్తెరతో ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, దారం కడుతుంది. ఆమె వేళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అంత వేగం. ఒకరోజు నేను వెళ్లేసరికి చాట పక్కన పెట్టి గోడకు ఆనుకుని ఉంది. "టీచరమ్మా, వెయ్యి బీడీలు చెయ్యాలంటే భయమైతుంది" అంది. ఎన్నేళ్లుగానో చేస్తున్న పని. ఇప్పుడు భయం.

నేను పక్కన కూర్చున్నాను. ఏ వాక్యమూ చెప్పలేదు. "వెయ్యి వద్దు. కట్టకు ఎన్ని?" అన్నాను. "ఇరవై అయిదు" అంది. "ఒక్క కట్ట చెయ్యి, నేను కూర్చుంటా" అన్నాను. చేసింది. చేస్తూ చేస్తూ మాట్లాడింది. చాలా నెలలుగా ఎవరికీ చెప్పని సంగతులు. కట్ట అయిపోయింది. రెండోది మొదలుపెట్టింది. ఆ రోజు వెయ్యి కాలేదు. ఎన్నయ్యాయో నేను లెక్కపెట్టలేదు. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాం. ఆ ప్రార్థనలో ఆమె భర్త పేరు చెప్పింది. పేరు చెప్పడానికే ఆమెకు అంత కాలం పట్టింది. మర్నాడు మేమిద్దరం కలిసి వెళ్లి, అతని గురించి వాకబు చేయడానికి దరఖాస్తు రాసి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. ఆమె బీడీలు చేస్తూనే ఉంది. భయం పోయిందా అని అడిగితే, "పొద్దుగాల ఉంటది, ఒక కట్ట అయినంక తగ్గుతది" అంటుంది.

మా మరిది వ్యవసాయం చేస్తాడు. యాసంగి నాటు మధ్యలో బోరు మోటరు కాలింది. మడిలో నారు ఎండుతోంది. ఆయన రెండు రోజులు గట్టు మీద కూర్చుని కరెంటును తిట్టాడు, కాలాన్ని తిట్టాడు. మూడో రోజు మా చెల్లెలే అంది, "తిట్టింది చాలు, మోటరు ఆటోలో ఎక్కించు" అని. వైండింగు షాపుకు తీసుకుపోయాడు. పక్క పొలం ఆయన్ని అడిగితే రాత్రి వంతు నీళ్లు ఇచ్చాడు. సగం మడి దక్కింది. సగం పోయింది. పోయింది పోయినట్టే. దక్కిన సగానికి వాళ్లు కోతల పండుగనాడు కంకులు తెచ్చి చర్చిలో పెట్టారు. సగం పంటకు కూడా కృతజ్ఞత చెప్పే ధైర్యం నాకు వాళ్ల దగ్గరే కనబడింది.

ఇప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి, నీ విశ్వాసం తక్కువ, అందుకే ఈ కష్టం అనేవాళ్లున్నారు. మా ఇంటికి కూడా అట్లా ఒకరు వచ్చారు. మా ఆయన మంచం మీద ఉండి విన్నాడు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. దయచేసి ఎవరూ ఆ మాట అనకండి. అది సువార్త కాదు. యేసు ప్రభువు గెత్సేమనే తోటలో తన కష్టం తొలగిపోవాలని తండ్రిని వేడుకున్నాడు. తొలగిపోలేదు. ఆయన విశ్వాసం తక్కువా? పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు అడిగాడు. ఆ ముల్లు అట్లాగే ఉండిపోయింది. కీర్తనల గ్రంథం తెరిస్తే సగం దాకా మొరలే. ఎన్నాళ్లు ప్రభువా అని ఏడ్చినవాళ్లే మన పాటలు రాశారు. దేవుడి ముందు ఏడవడం, సణగడం, అడగడం కూడా విశ్వాసమే. మాట్లాడటం మానేయనంతవరకు మీరు ఆయన చెయ్యి వదల్లేదు.

ఇంకో మాట. ప్రార్థన చేస్తున్నాం కదా అని మందులు ఆపకండి. బి.పి. మాత్ర, షుగరు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడు. పౌలు ఆయన్ని ప్రియమైన వైద్యుడిగానే తలుచుకున్నాడు. ఈ పూట మాత్ర వేసుకోవడం కూడా ఈ పూట పిడికెడే.

మనసు సంగతి కూడా అంతే. కొందరికి ఆ కుప్ప చూస్తే బతకాలనే అనిపించదు. అట్లాంటివాళ్లు ఈ మాట వింటుంటే, మీకే చెప్తున్నాను. ఈ రోజు మీ పిడికెడు ఒక ఫోను. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే ఉచిత సేవ ఉంది. నంబరు 14416. మళ్లీ చెప్తాను, కాగితం తెచ్చుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయలేకపోతే పక్కింటి తలుపు కొట్టండి. పాస్టరయ్యగారి తలుపు కొట్టండి. సిగ్గుపడకండి.

చేయడానికి పనే లేని కష్టాలు కూడా ఉంటాయి. చావు అట్లాంటిది. ఆ ఇంట్లో పిడికెడు ఏం తీస్తాం? అక్కడ పిడికెడు మనది కాదు, చుట్టుపక్కలవాళ్లది. మన ఊళ్లలో ఇప్పటికీ చావు ఇంట్లో పొయ్యి వెలగదు. పక్కింటివాళ్లు అన్నం తెస్తారు. కులం, మతం చూడరు. మా నాయిన పోయినప్పుడు మాకు మొదటి గిన్నె ఒక ముస్లిం ఇంటి నుంచి వచ్చింది. పప్పు, అన్నం, కాస్త నిమ్మకాయ పచ్చడి. అమ్మ తిననంది. ఆ ఇంటామె అమ్మ పక్కన కూర్చుని, ముద్ద కలిపి, "ఒక్క బుక్క తిను అక్కా" అంది. అమ్మ తింది. దేవుడు ఓదారుస్తాడు అని మేం చర్చిలో చెప్తాం. ఆయన ఎట్లా ఓదారుస్తాడో నేను ఆ రోజు చూశాను. ఒక చేత్తో కలిపిన ముద్ద రూపంలో.

కాబట్టి మీ ఇంట్లో ఈ రోజు కష్టం ఏమీ లేకపోతే, మీ పిడికెడు పక్కింటికి పట్టుకెళ్లండి. పెద్దమాటలు వద్దు. పక్కన కూర్చోండి. వాళ్లు చెప్తే వినండి. చెప్పకపోతే ఊరికే కూర్చోండి.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. మా పెద్దబ్బాయికి ఒక చిన్న ఉద్యోగం దొరికింది. ముందు వచ్చినంత జీతం లేదు. చీటీ డబ్బులు రాలేదు, ఇక రావు. బాకీలు చాలావరకు తీరాయి. మా ఆయన పూర్తిగా కోలుకోలేదు. కర్ర ఉండాలి, నేను ఉండాలి. ఎడమ చెయ్యి ఇప్పుడు గ్లాసు పట్టుకుంటుంది. నిండా నీళ్లుంటే పట్టదు, సగం ఉంటే పడుతుంది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాం. గేటు దగ్గర ఆటో దిగి నడుస్తాం. ఆ రంగురంగుల గచ్చు మీద కర్ర జారకుండా ఆయన చూసి చూసి అడుగేస్తాడు. మొదట్లో వెనక బెంచీ దాకానే వెళ్లగలిగేవాళ్లం. పోయిన ఆదివారం ముందు నుంచి నాలుగో బెంచీ దాకా వెళ్లాం. కుడి చేత్తో నేను ఆయన్ని పట్టుకున్నాను. నా ఎడమ చేతిలో బియ్యం సంచి ఉంది.

శ్రోతలారా, మీ ఎసరు మరుగుతున్నట్టుంది. బియ్యం వేసుకోండి.